నబోర్ చెరిపిన పదకొండు టేపులు

నబోర్ మా భాషా కేంద్రానికి వడ్రంగిగా వచ్చాడు. పంతొమ్మిది వందల డెబ్భై ఆరులో, వహాకాలోని మా విశ్వవిద్యాలయంవాళ్ళు వెనకవైపు పొడవాటి గదిని ఇంగ్లీషు, ఫ్రెంచి లాంటివి నేర్పే ల్యాబుగా మార్చాలనుకున్నప్పుడు, ఇరవైనాలుగు గూళ్ళు కట్టే పని అతనికి దొరికింది. గూటికి మూడు వైపులా చెక్క, లోపల బెరడు అట్ట, ముందు గాజు పలక. ఒక గూట్లో కూర్చున్నవాడు గొంతెత్తి చదివినా పక్క గూట్లోవాడికి వినబడకూడదు. ఆఖరి గూడు బిగించిన రోజున అతనే లోపలికి వెళ్ళి కూర్చుని, బయట నిలబడ్డ ప్రొఫెసరుగారిని ఏదైనా అనమన్నాడట. ఆయన పెదాలు కదిలించారు. నబోర్ బయటికొచ్చి, "మీరు తిట్టారో మెచ్చుకున్నారో తెలీలేదు. పని అయినట్టే" అన్నాడట.

గూళ్ళు అయ్యాక యంత్రాలు వచ్చాయి. పళ్ళెమంత చుట్టల మీద టేపు తిరిగే జర్మనీ యంత్రాలు. రెండో నెలలోనే వాటి రబ్బరు పట్టీలు సాగిపోయాయి. రాజధాని నుంచి ఇంజనీరు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. నబోర్ ఇంకా తలుపులకు గడియలు బిగిస్తూనే ఉన్నాడు. చూసి చూసి, బజారుకెళ్ళి కుట్టుమిషను పట్టీలు తెచ్చి, కోసి అతికించాడు. ఇంజనీరు వచ్చేసరికి ఇరవైనాలుగు యంత్రాలూ తిరుగుతున్నాయి. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. నబోర్ ఉండిపోయాడు, ముప్ఫై ఆరేళ్ళు.

అతను వచ్చిన మూడేళ్ళకు నేను టేపుల బీరువాలు చూసుకునే గుమాస్తాగా చేరాను. గదికి ఒక కొసన నా బల్ల, రెండో కొసన అతని మరమ్మతు బల్ల. మధ్యలో పిల్లలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నది విన్నట్టు పలుకుతుండేవారు. ఆఫీసు ఆడవాళ్ళందర్నీ పిలిచినట్టే నన్నూ "సెన్యో" అని పిలిచేవాడు. మాట్లాడింది తక్కువ. ఏడాదికోసారి వాళ్ళ అన్న తోటలో పండిన కాఫీగింజలు గుడ్డసంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

టేపు బాగుందో లేదో చూడటానికి ఒక చెవికి మాత్రమే హెడ్‌ఫోను ఆనించి వినేవాడు. అలా వినీ వినీ నాలుగు దేశాల భాషల్లో వెయ్యి వాక్యాలు అతని నోటికి వచ్చేశాయి. అర్థాలు కొన్నింటికే తెలుసు. ఒకసారి వీధిలో ఒక అమెరికన్ ఆవిడ పోస్టాఫీసు ఎక్కడని అడిగితే, చక్కటి ఉచ్చారణతో, "క్షమించండి, బ్రౌన్ గారు ఇంట్లో లేరు" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ ముచ్చట కేంద్రమంతా పాకింది. నేను నవ్వితే, "ఏం చేయను సెన్యో, నాకొచ్చిన వాటిల్లో మర్యాదగా ఉన్నది అదొక్కటే" అన్నాడు.

అతనికి అయిదో భాష ఒకటుందని మాకు చాలాకాలం తెలీలేదు. ఊరు సాన్ మెల్చోర్. కుయికత్లాన్ దాకా బస్సు, అక్కణ్ణించి లారీలో అయిదు గంటలు, పైకి. వాళ్ళది చినాంతెకో భాష. అక్కడి మగవాళ్ళు లోయ మీదుగా ఈ కొండ నుంచి ఆ కొండకు ఈలతో మాట్లాడుకుంటారు. అది సైగ కాదు, మాటే. మాటలోని హెచ్చుతగ్గులన్నీ ఈలలో పలుకుతాయి. మూట ఎక్కడ దించాలి, కంచరగాడిద కుంటుతోంది, మీ అత్తగారు వచ్చింది, అంతా చెప్పుకోవచ్చు. ఆడవాళ్ళకు మొత్తం అర్థమవుతుంది, కానీ వాళ్ళు వేయరు. మా గేటు దగ్గరి కాపలాదారు ఒకరోజు అందరి ముందూ, "నబోరూ, మీ ఊళ్ళో పెళ్ళాన్ని కూడా ఈలేసే పిలుస్తారటగా" అని వెక్కిరించాడు. నబోర్ స్క్రూ బిగించడం ఆపలేదు. "దూరంగా ఉంటేనే ఈల. దగ్గరున్నవాళ్ళకి వేస్తే అది కుక్కని పిలిచినట్టు. నువ్వు దగ్గరే ఉన్నావు, వేయమంటావా?" అన్నాడు.

అయిదేళ్ళప్పుడు తండ్రి కొండచరియ మీంచి జారిపడి చనిపోయాడు. అప్పటికి పదహారేళ్ళున్న అన్న, పేరు సిరీలో, అతన్ని పెంచాడు. అన్న ఎలా ఉండేవాడని అడిగితే నబోర్ ఎప్పుడూ మొహం గురించి చెప్పలేదు, ఈల గురించే చెప్పేవాడు. తన పేరు పిలిచేటప్పుడు చివర కొంచెం పైకి లాగి వదిలేవాడట. లోయలో ఎంతమంది ఈలలు వేసుకుంటున్నా అది సిరీలోదని తెలిసిపోయేదట. పద్నాలుగో ఏట వడ్రంగం నేర్చుకోమని నబోర్‌ను లారీ ఎక్కించి పంపిన రోజున, లారీ మలుపులు తిరుగుతూ దిగుతుంటే సిరీలో కొండ అంచు వెంట నడుస్తూ గంటసేపు ఈల వేస్తూనే ఉన్నాడు.

"గంటసేపు ఏం చెప్పాడు?" అని అడిగాను నేను.

"ఏముంది సెన్యో. చొక్కా జాగ్రత్త. ఎవరైనా అన్నం పెడితే వాళ్ళ గిన్నెలు కడుగు. మలుపు దగ్గర తల లోపల పెట్టుకో. మళ్ళీ మొదటినుంచీ అవే."

ఎనభై తొమ్మిదిలో ఎర్లిందా మాస్త్రా, అంటే ఎర్లిందా టీచరుగారు, మాకు డైరెక్టరుగా వచ్చింది. తెవాంతెపెక్ వైపు మనిషి, జాపోతెకో ఆమె తల్లిభాష. నవ్వితే ఇరవైనాలుగు గూళ్ళలోనూ వినబడేది. మొదటి సమావేశంలోనే, ఇన్ని భాషలున్న రాష్ట్రంలో సముద్రం దాటి వచ్చిన భాషలకే బీరువాలెందుకని అడిగింది. మూలన దీపం మారుస్తున్న నబోర్‌ను మీకు ఏ భాష వచ్చని అడిగింది. అతను చెప్పాడు. మర్నాడు క్యాసెట్ రికార్డరు, సెలవు కాగితం రెండూ అతని చేతిలో పెట్టింది.

మూడుసార్లు వెళ్ళి, పదకొండు టేపులు నింపుకొచ్చాడు. సిరీలోతో కలిపి ఆరుగురు పెద్దవాళ్ళు. పక్కన నిలబడి వేయమంటే ఎవరూ ఒప్పుకోలేదు, అది మర్యాద కాదు. అందుకని ముగ్గురు కాఫీ కొండ మీదికి, ముగ్గురు ఎదుటి కొండ మీదికి నడిచి వెళ్ళేవారు. నబోర్ మధ్యలో ఉన్న గట్టు మీద, గాలి కొట్టకుండా రికార్డరును దుప్పట్లో చుట్టుకుని కూర్చునేవాడు. ప్రతి టేపు మొదట్లో అతని గొంతే ఉంటుంది. తారీకు, ఊరు, ఎవరు ఏ కొండ మీదున్నారు, దేని గురించి మాట్లాడుకోబోతున్నారు. మూడు నిమిషాల తర్వాత ఈలలు మొదలయ్యేవి. తిరిగొచ్చాక నాకో టేపు వినిపించాడు. నాకేం అర్థం కాలేదు. అతను ఒక్కో ముక్కా విడమర్చి చెబుతూ, మధ్యలో ఆపేసి, నవ్వుకుని, అది చెప్పకుండా దాటేశాడు. వాళ్ళ అన్న తన గురించే ఏదో అని ఉంటాడు.

ఆ టేపులతో పాఠం తయారు కాలేదు. ఒక ఏడు సమ్మె, ఒక ఏడు నిధుల్లేవు, తర్వాత ఎర్లిందా మాస్త్రాను వేరే శాఖకు మార్చారు. పదకొండు టేపులూ నా బీరువాలో పై అరలో ఉండిపోయాయి. ఇరవై ఏళ్ళలో వాటిని అడిగినవాళ్ళు నలుగురు. ఈలోగా సాన్ మెల్చోర్ పంచాయతీవాళ్ళు మైకు పెట్టారు, తర్వాత మొబైలు టవరు వచ్చింది. కుర్రాళ్ళు ఈల మానేశారు. ఆరుగురు పెద్దవాళ్ళలో అయిదుగురు ఒకరి తర్వాత ఒకరు పోయారు. నబోర్‌కు కూడా ఈల పోయింది. తొంభై ఏడులో ల్యాబులో నిచ్చెన మీంచి పడి ముందు పళ్ళు రెండు రాలాయి. కట్టుడు పళ్ళతో నాలుక నిలబడదట. ఇంటికెళ్ళినప్పుడు సిరీలో అవతలి కొండ నుంచి పలకరిస్తే, బదులుగా ఇతను టోపీ ఊపేవాడు.

రెండువేల పది మార్చిలో సిరీలో పోయాడు. ఈలతో మాట్లాడే ఆఖరి మనిషి.

నబోర్ పది రోజులకు తిరిగి వచ్చాడు. టేపు వింటావా అని నేనే అడిగాను. మంచే అనుకున్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. సాన్ మెల్చోర్‌లో ఒక ఆచారం ఉంది. మనిషి పోయాక ఏడాది దాకా, సంవత్సరీకం పూజ అయ్యేదాకా, దారిలోనే ఉంటాడు. అంతవరకూ ఇంటివాళ్ళు అతన్ని పిలవకూడదు, అతని పిలుపు వినకూడదు. వింటే జవాబు ఇవ్వాలనిపిస్తుంది. జవాబిస్తే అతను ఆగిపోతాడు.

"ఏడాది ఆగాలి సెన్యో. ఇప్పుడు పిలిస్తే నిలబడిపోతాడు. మా అన్న అసలే నా మాట అంటే ఆగే మనిషి."

ఆ వానాకాలంలోనే మా కేంద్రం మారింది. పాత ల్యాబు పక్కన అద్దాల గోడలతో కొత్త భవనం, దాంట్లో అరవై కంప్యూటర్లు. బోర్డు మీద 'భాషాబోధన సాంకేతిక కేంద్రం' అని రాశారు. నాలుగువేల టేపుల్నీ కంప్యూటరులోకి ఎక్కించి బీరువాలు ఖాళీ చేయాలి. ఎర్లిందా మాస్త్రా మళ్ళీ డైరెక్టరుగా వచ్చింది, జుట్టు నెరిసి, నవ్వు మాత్రం అలాగే. ఒక కుర్ర ఇంజనీరు ప్రోగ్రాం ఒకటి పెట్టించాడు. టేపు లోపలికి వెళుతుంటే అదే చెత్త ఏరేస్తుంది. ఖాళీలు తీసేస్తుంది, గరగరలు తీసేస్తుంది. పాత టేపులు కీచుమంటాయి కదా, సన్నగా తీగలా సాగే శబ్దం ఏదొచ్చినా దాన్ని కీచు కిందే లెక్కగట్టి తీసేస్తుంది. మనిషి మాట మాత్రం మిగులుతుంది. పిల్లలు తిరిగి పలకడానికి వదిలిన ఖాళీలన్నీ పోవడంతో పాఠాల టేపులు సగానికి కుదించుకుపోయేవి. అందుకని పొట్టిగా వచ్చినదాన్ని చూసి ఎవరికీ అనుమానం రాలేదు.

నియమం ఇది: శుభ్రమైన దాన్ని మొదటి రెండు నిమిషాలు వినాలి. మాట స్పష్టంగా ఉంటే కాగితం మీద సంతకం పెట్టాలి. తర్వాత టేపును చెరిపి, ఖాళీ క్యాసెట్టును పల్లెల్లోని బడులకు పంపే పెట్టెలో వేయాలి. ఏదీ వృథా కాకూడదు. ఆ నియమాల కార్డు టైపు చేసింది నేనే.

నబోర్ తన పదకొండు టేపులూ ముందే ఎక్కించాలన్నాడు. బూజు పడుతోంది, ఈ వానలు దాటితే అయస్కాంతపు పూత ఊడి వస్తుందని భయం. ఎర్లిందా మాస్త్రా, "దోన్ నబోర్, వాటిని మీరే చేయండి. ఇంకొకరి చేతికి ఇవ్వను" అంది. అది ఆమె అతనికి చేసిన గౌరవం.

అతను చేస్తుంటే చూశాను. గది తలుపు దగ్గరికి వేసి, స్పీకరు ఆపేసి, టేపు పెట్టేవాడు. గంటసేపు అది నిశ్శబ్దంగా తిరుగుతుంటే తెర మీద ఆకుపచ్చ గీత ఎగిరేది, అతను చేతులు చూసుకుంటూ కూర్చునేవాడు. అయ్యాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని శుభ్రమైనది మొదటినుంచి వినేవాడు. తన గొంతే, తారీకు, ఊరు, పేర్లు. గొంతు చక్కగా, గాజులా వచ్చింది. రెండు నిమిషాలు కాగానే హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద బోర్లా పెట్టేవాడు, ఒక్క ఈల ముక్క కూడా చెవిన పడకుండా. పదకొండుసార్లూ అంతే. పదకొండు సంతకాలు. తర్వాత చెరిపే పెట్టె దగ్గరికి వెళ్ళాడు. అది అతనే పాత ట్రాన్స్‌ఫార్మరు తీగచుట్టతో చేసింది, మీట నొక్కి క్యాసెట్టును చుట్టూ తిప్పితే చాలు. పదకొండూ తిప్పాడు. అట్టల మీది నా చేతిరాతను స్పిరిటు గుడ్డతో తుడిచి, బడులకు పంపే పెట్టెలో పేర్చాడు. నేను అక్కడే ఉన్నాను. నేనైనా వినాలని నాకు తోచలేదు, నాకు ఏ ఆచారమూ అడ్డం లేకపోయినా.

ఆ సాయంత్రం అతను హుషారుగా ఉన్నాడు. వచ్చే మార్చిలో ఊరంతటికీ వినిపిస్తానన్నాడు.

రెండువేల పదకొండు మార్చిలో సంవత్సరీకానికి నన్ను పిలిచాడు. మాస్త్రాకు బడ్జెట్ సమావేశం ఉండి రాలేదు. నేను వెళ్ళాను. ఉదయం చర్చిలో పూజ, తర్వాత సిరీలో ఇంటి వాకిట్లో భోజనాలు. అతని భార్య ఓబ్దూలియా, పొట్టి మనిషి, తెల్లవారుజాము నుంచీ ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న పిండి తమాలేలు ఉడికిస్తూనే ఉంది. నబోర్ బడివాళ్ళ స్పీకరు అడిగి తెచ్చి, వాకిలి అంచున కుర్చీ మీద లోయవైపు తిప్పి పెట్టాడు. ఈలను దగ్గర కూర్చుని వింటే ఈల కాదని, ఎదుటి కొండ నుంచి వింటేనే మాటలా ఉంటుందని, ఏడెనిమిది మంది ఓపికున్న మగవాళ్ళు తిండి కూడా తినకుండా అటు నడిచి వెళ్ళారు. వెళ్ళడానికి ముప్పావు గంట పట్టింది. అందరం ఆగాం.

ఓబ్దూలియా చేతులు కడుక్కుని వచ్చి, ఏడాది నిండింది, ఇంక పిలవచ్చు అని అందరికీ వినబడేలా చెప్పింది. వెళ్ళి గడప మీద కూర్చుంది.

నబోర్ కంప్యూటరు నుంచి ఎక్కించుకొచ్చిన డిస్కు పెట్టాడు. ముప్ఫై ఏడేళ్ళ వయసప్పటి అతని గొంతు లోయలో మోగింది. తారీకు. ఊరు. మా అన్న సిరీలో కాఫీ కొండ మీద, మకారియో మామ ఎదుటి కొండ మీద, కంచరగాడిద కుంటుతోంది, బస్తాలు ఎలా దించాలా అని మాట్లాడుకుంటారు. మకారియో మామ పేరు వినగానే వాకిట్లో నవ్వులు. కొందరు ముందుకు వంగారు. ఒక కోడి కూసింది, టేపులోది. వెంటనే నబోర్ గొంతు: "బాగా వచ్చింది. ఇప్పుడు రెండోది."

అందరూ ఎదురు చూశారు. ఎవరో దాటేసిందన్నారు. నబోర్ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. పేర్లు, కోడి, "బాగా వచ్చింది." డిస్కులో రెండో టేపు పెట్టాడు. మూడోది పెట్టాడు. ప్రతిదాంట్లోనూ అతనే ఉన్నాడు, కుక్కలున్నాయి, కోళ్ళున్నాయి, ఎవరో దగ్గారు. నాలుగో దాని మధ్యలో వాకిట్లో ఒకతని మొబైలు మోగింది. ఎదుటి కొండ మీదికి వెళ్ళినవాళ్ళు. అతను గొంతు తగ్గించి మాట్లాడి, నబోర్ వైపు తిరిగాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా అని అడుగుతున్నారు."

నబోర్ అయిదోది పెట్టాడు. పదకొండు గంటల ఈల మొత్తం ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఒక్కరూ లేవలేదు. పూజరోజు కదా.

ఓబ్దూలియా లేచింది. ఫోను చేతిలో ఉన్నతనితో, వాళ్ళని దిగి రమ్మను, తమాలేలు చల్లారిపోతున్నాయి అని చెప్పింది. తర్వాత నబోర్ పక్కకు వచ్చి నేల మీద కూర్చుంది. వాళ్ళు తమ భాషలో మాట్లాడుకున్నారు. ఏమన్నదీ నబోరే తిరుగు దారిలో, బస్సులో, నాకు చెప్పాడు.

"పాత టేపులు ఉన్నాయా?" అంది.

"లేవు వదినా."

"ఎవరు తీసేశారు?"

"నేనే."

ఆమె స్పీకరు వైపు తిరిగి కూర్చుందట. "ఏడాది పొడుగునా అతని ఈల మనసులోకి వస్తే కూడా పనిలో పడి తోసేశాను నబోరూ. తప్పని. ఇప్పుడు తెచ్చుకుందామంటే రావట్లేదు. ఈ రోజు నువ్వు వినిపిస్తావు కదా, మళ్ళీ పట్టుకుంటాలే అనుకున్నాను" అంది. తిట్టలేదు. అతనికి రెండు తమాలేలు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది. అతను తిన్నాడు.

వహాకా చేరాక మొదట ఇంజనీరును అడిగాడు. ఆ కుర్రాడు తెర మీద గీతలు చూపించి, ఇదిగో ఈ సన్నగా ఉన్నదంతా కీచు కింద పోయింది అని వివరించాడు. పాపం, చెబుతూ చెబుతూ అది ఏమిటో అర్థమై ఆగిపోయాడు. ప్రోగ్రాంకి ఎక్కించిన అసలు రూపం ఉంచుకున్నారా అంటే, చోటు చాలదని ఏ వారానికావారం తీసేస్తున్నామన్నాడు. నేను బడులన్నింటికీ ఫోన్లు చేశాను. పెట్టె మూడు ఊళ్ళకు వెళ్ళింది. నాలుగు క్యాసెట్లు దొరికాయి. వాటిలో జెండా వందనం పాటలు, ఒకదాంట్లో ఎక్కాలు. నబోర్ ఆ నాలుగూ తెప్పించుకుని, శబ్దం మొత్తం పెంచి, పాటకూ పాటకూ మధ్య విన్నాడు. పిల్లలు పాడని చోట ఏమీ లేదు. అతని చెరిపే పెట్టె బాగా పనిచేసేది. అతను చేసిన వస్తువుల్లో అదొక్కటి కాస్త చెడిపోయి ఉంటే బాగుండేది.

ఎర్లిందా మాస్త్రా అతన్ని గదిలోకి పిలిచింది. నన్నూ ఉండమంది. కాఫీ పోసింది. తప్పు ప్రోగ్రాందని, దాన్ని తెప్పించింది తనేనని, అతను నియమం ప్రకారమే చేశాడని చెప్పింది. నియమం రెండు నిమిషాలేనంది. అతను కప్పు పట్టుకుని విన్నాడు.

"దానికేం తెలుసు మాస్త్రా, ఏది ఈలో ఏది కీచో" అన్నాడు. "నాకు తెలుసు. నేనే చెవుల్లోంచి తీసేశాను."

"మీ ఆచారం కదా దోన్ నబోర్. మీరు ఎలా వింటారు?"

"ఆచారం వినొద్దంది. చెరపమనలేదు. ఏడాదయ్యాక విని, అప్పుడు చెరపాల్సింది. ఆ టేపుల్ని మార్చి నెల దాకా నా బల్ల కింద పెట్టుకుంటే ఎవరు కాదనేవాళ్ళు? మీరు కాదనేవారా?"

ఆమె కాదనేది కాదు. కిటికీ వైపు తిరిగింది. నబోర్ కప్పు కడిగి బోర్లించి, పనిలోకి వెళ్ళాడు.

తర్వాత అతను మారలేదు, పైకి. పొద్దున ఎనిమిదికి వచ్చేవాడు, గూళ్ళ మీది దుమ్ము తుడిచేవాడు, ఆ గూళ్ళలో ఇప్పుడు ఎవరూ కూర్చోకపోయినా. ఇంకా రెండువేల నాలుగువందల టేపులు మిగిలున్నాయి. సాయానికి వచ్చిన విద్యార్థులను కొత్త కంప్యూటర్ల గదికి మార్చేసి, టేపుల పని అతనొక్కడికే వదిలేశారు. మునుపు వాళ్ళతో కలిసి, యంత్రాలన్నీ ఒకేసారి తిప్పి, రోజుకు నలభై చేసేవాడు. ఇప్పుడు అయిదు, మహా అయితే ఆరు. ప్రతి టేపునూ, ప్రోగ్రాం ముట్టుకోకముందు, మొదటి నుంచి చివరి దాకా వినేవాడు. రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని. స్టేషను ఎక్కడ, నాకు ఒక కిలో బంగాళాదుంపలు కావాలి, మా అత్త పారిస్‌లో ఉంటుంది. ఖాళీ వస్తే ఖాళీని కూడా వినేవాడు. తర్వాత ప్రోగ్రాం నుంచి వచ్చింది మళ్ళీ మొత్తం వినేవాడు. ఆఫీసు నుంచి ఎవరో పని నత్తనడక నడుస్తోందని రాసి పంపారు. మాస్త్రా ఆ కాగితాన్ని నాకిచ్చి, దీన్ని ఎక్కడైనా పారేయి అంది.

ఒకసారి అడిగాను, ఈ ఫ్రెంచి పాఠాల్లో ఏం దొరుకుతుందని. తెలీదన్నాడు. "వీళ్ళు కూడా ఎవరో ఒకరు కదా సెన్యో. మాట్లాడి పోయారు."

ఊరికి ప్రతి మార్చిలోనూ వెళ్ళేవాడు. ఓబ్దూలియా ఏనాడూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదట. కాఫీ సంచి మాత్రం కట్టి ఇచ్చేది. అతనే నాకు తెచ్చివ్వడం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు.

రెండువేల పన్నెండు డిసెంబరులో అతనికి అరవై నిండి పదవీ విరమణ వచ్చింది. కొత్త భవనంలో మోలే కూర, అన్నం, కేకు, కాగితం తోరణాలు. మాస్త్రా మాట్లాడటానికి కాగితం రాసుకుని నిలబడింది. అతను రాలేదు. నన్ను పంపారు. పాత గదిలో మరమ్మతు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, టేపు తిరుగుతోంది. నేను తలుపు దగ్గర నిలబడితే, కాస్త ఆగమని చేయి ఎత్తాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అతను కళ్ళు మూసుకోలేదు, తల వంచలేదు. మామూలుగా, పని చేస్తున్న మనిషిలా విన్నాడు. టేపు అయిపోయి చుట్ట ఖాళీగా తిరిగాక ఆపి, కాగితం మీద సంతకం పెట్టి, హెడ్‌ఫోను తీగ చుట్టి మేకుకు తగిలించాడు. చొక్కా సర్దుకుని, "పదండి సెన్యో, మాస్త్రా ఎదురు చూస్తుంటుంది" అన్నాడు.

అప్పటికి మూడువందల పన్నెండు టేపులు మిగిలాయి. జనవరిలో వేరేవాళ్ళకు అప్పగించారు. నియమాల కార్డు మార్చమని ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ మార్చలేదు. వాళ్ళు వాటిని రెండేసి నిమిషాలు విని, ఒక వారంలో చెరిపేశారు.